పుష్కరానికో పువ్వు... ఏడాదికో కప్ప!

ఇడుక్కి కొండల్లో రెండు వింతలున్నాయి. ఒకటి పన్నెండేళ్లకోసారి పూసి జనాన్ని కొండెక్కిస్తుంది. రెండోది ఏడాదికోసారి నేలలోంచి పైకొచ్చి, ఎవరి కంటా పడకుండానే వెళ్లిపోతుంది. రెండింటి రంగూ దాదాపు ఒకటే... ఊదా. రాత మాత్రం ఒకటి కాదు.

ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడితే చాలు... చేలగట్ల మీద ఎర్ర మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు ప్రత్యక్షమవుతాయి. పిల్లలు వాటిని అగ్గిపెట్టెల్లో దాచుకునేలోపే మాయమైపోతాయి. మిగతా ఏడాదంతా ఎక్కడుంటాయంటే... ఎక్కడికీ పోవు. మన కాళ్లకిందే, మట్టిలోనే ఉంటాయి. కేరళలోని ఇడుక్కి జిల్లాలో ఒక కప్ప కూడా అచ్చం ఇలాగే దొంగాట ఆడుతుంది. ఎంత బాగా ఆడిందంటే, 2003 దాకా శాస్త్రవేత్తలు దానికి ఒక పేరు కూడా పెట్టలేకపోయారు.

అదే జిల్లాలో, ఇంకాస్త ఎత్తున మున్నార్ వైపు కొండల మీద నీలకురింజి పూస్తుంది. దాని సంగతి తెలియనివాళ్లు తక్కువ. పన్నెండేళ్లు ఆకులతోనే ఊరుకుని, ఒక్క ఏడాది కొండకు కొండే నీలంగా మారిపోయేలా పూస్తుంది. మనం గోదావరికి 2003లో, 2015లో పుష్కరాలు చేసుకున్నట్టే అక్కడివాళ్లు 1994, 2006, 2018... అని కురింజి సంవత్సరాలు లెక్కపెట్టుకుంటారు. నీలగిరులకు ఆ పేరు ఈ పువ్వువల్లే వచ్చిందనీ చెబుతారు. తమిళుల సంగం సాహిత్యంలో కొండ ప్రాంతానికీ, అక్కడ కలుసుకునే ప్రేమికుల కథలకూ ‘కురింజి’ అనే పేరు. తమిళనాడులోని పళియర్ గిరిజనులు తమ వయసును కురింజి పూతలతోనే లెక్కించుకునేవారట. ‘మూడు పుష్కరాలు చూసిన మనిషి’ అని మన పెద్దలంటారే, అలాగన్నమాట.

ఒకటి రెండు వేల ఏళ్లుగా కవుల నోట్లో నానింది. మరొకటి పేరు పెట్టించుకుని పాతికేళ్లు కూడా నిండలేదు. ఎందుకిలా అంటే, పువ్వు కంటికి కనిపిస్తుంది, కప్ప కనిపించదు. అంతే తేడా. కానీ ఈ చిన్న తేడాతోనే ఎవరికి అభయారణ్యం, ఎవరికి ఏలకుల తోట అన్నది తేలిపోయింది.

నాసిక నుంచి సహ్యాద్రి దాకా

కప్ప కథ కట్టప్పన నుంచి మొదలవుతుంది. ఏలకుల కొండల్లో ఉన్న ఊరది. దాని చుట్టుపక్కల దొరికిన ఓ వింత కప్పను ఎస్.డి. బిజు, బ్రస్సెల్స్‌కు చెందిన ఫ్రాంకీ బోస్యూట్ పరిశీలించారు. 2003 అక్టోబరులో ‘నేచర్’ పత్రికలో వివరాలు ప్రకటించారు. దానికి పెట్టిన పేరు ‘నాసికాబట్రాకస్ సహ్యాద్రెన్సిస్’. నోరు తిరగని మాటలా ఉన్నా మనకు సగం తెలిసిన పేరే. నాసిక అంటే ముక్కు. బట్రాకస్ అంటే గ్రీకులో కప్ప. సహ్యాద్రి అంటే పడమటి కనుమలు. మొత్తం కలిపితే సహ్యాద్రి కొండల్లోని ముక్కు కప్ప!

ఆ పేరు పెట్టడంలో తప్పేమీ లేదు. గాలి ఊదిన బూరలాంటి ఒళ్లు. ఆ ఒంటికి ఎవరో చివర్లో అతికించినట్టుగా, పందిముట్టెను గుర్తుచేసే మొనదేలిన తెల్లటి ముక్కు. గుండుసూది తలకాయల్లాంటి కళ్లు. పొట్టి కాళ్లు. పొడవు ఏడు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వెనక పాదాలకు పారల్లాంటి గట్టి బుడిపెలుంటాయి. వాటితో మట్టిని వెనక్కి నెట్టుకుంటూ భూమిలోకి దిగిపోతుంది. మీటరు లోతు దానికి ఓ లెక్కే కాదు. మూడు మీటర్లకు పైగా లోతులోనూ దొరికింది. తిండికోసం కూడా పైకి రానక్కర్లేదు. చెదల దారుల్లోకి ముక్కు దూర్చి, సన్నటి నోట్లోంచి నాలుక చాచి, అక్కడికక్కడే భోజనం ముగించేస్తుంది.

చూడ్డానికి అందంగా ఉండదు. ఆ మాట దాచడం దేనికి... అసలీ కథలో సగం చిక్కు అదే!

అయితే దాని వంశం మాత్రం సామాన్యమైంది కాదు. ఈ కప్పకు దగ్గరి చుట్టాలు మన దేశంలో లేరు. ఆఫ్రికాకు తూర్పున, హిందూ మహాసముద్రం మధ్యలో ఉన్న సీషెల్స్ దీవుల్లో ఉన్నారు. కేరళ తీరానికి సుమారు 2,800 కిలోమీటర్ల దూరం అది. అవేమో వేలిగోరంత చిన్న కప్పలు. ఇంత దూరపు బంధుత్వం ఎలా కలిసిందంటే... ఒకప్పుడు భారతదేశం, సీషెల్స్, మడగాస్కర్ అన్నీ కలిసున్న నేల. అది ముక్కలై మన ముక్క ఉత్తరానికి కదిలి ఆసియాను ఢీకొంది. ఆ ప్రయాణంలో మనతో పాటు వచ్చినవాటిల్లో ఈ కప్ప పూర్వీకులూ ఉన్నారు. ఈ రెండు శాఖలూ దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందటే విడిపోయి ఉంటాయని బిజు, బోస్యూట్ లెక్కకట్టారు.

ఇంకో రకంగా చెప్పాలంటే... ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కనులో అగ్నిపర్వతాలు బద్దలై లావా పారింది. వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి ఆ లావాదే. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడిలో రాళ్ల క్వారీలున్నాయే, ఆ రాయీ ఆనాటిదే. ఇంచుమించు ఆ రోజుల్లోనే రాక్షసబల్లులు తుడిచిపెట్టుకుపోయాయి. ఈ కప్ప వంశం మాత్రం వాటన్నిటినీ దాటుకుని వచ్చింది.

కొత్త జాతి దొరకడం పెద్ద విశేషం కాదు, ఏటా దొరుకుతూనే ఉంటాయి. ఇక్కడ మాత్రం కొత్త కుటుంబమే దొరికింది. కప్పల్లో అంతకుముందు కొత్త కుటుంబం దొరికింది 1926లో. అందుకే ‘నేచర్’లో దాని మీద వ్యాఖ్య రాసిన జీవశాస్త్రవేత్త బ్లెయిర్ హెడ్జెస్ దీన్ని ‘కప్పల్లో సీలకాంత్’ అన్నాడు. రాక్షసబల్లులతోపాటే అంతరించిపోయిందనుకున్న సీలకాంత్ చేప 1938లో దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కి లోకాన్ని నివ్వెరపరిచింది. ఆ పోలిక అదీ.

ఇంతకీ దీన్ని మొదట చూసింది 2003లోనా అంటే, అదీ కాదు. దీని తోకకప్పలను నెల్సన్ అనన్‌డేల్, సి.ఆర్. నారాయణరావు 1918లోనే వర్ణించారు. పిల్ల దొరికింది గానీ తల్లెవరో తెలియలేదు! ఎనభై అయిదేళ్లు పట్టింది తల్లి చిరునామా కనుక్కోవడానికి.

ఈ పరిశోధనలో మన హైదరాబాద్ వాటా కూడా ఉంది. సీసీఎంబీ శాస్త్రవేత్త రమేశ్ అగర్వాల్ బృందం 2004లోనే ఈ కప్పల జన్యువుల మీద పరిశోధనా పత్రం ప్రచురించింది. 2017లో ఈ వంశంలోనే రెండో జాతిని ప్రకటించిన బృందంలోనూ సీసీఎంబీ వాళ్లున్నారు. తమిళనాడు వైపు శ్రీవిల్లిపుత్తూరు కొండల్లో దొరికిన ఆ కప్పకు, 2014లో కన్నుమూసిన సరీసృపాల శాస్త్రవేత్త భూపతి పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే ఇడుక్కి కప్ప నైరుతికి ముందు జల్లుల్లో బయటికొస్తే, కొండకు అటువైపున్న భూపతి కప్ప ఈశాన్య రుతుపవనాలకు బయటికొస్తుంది. ఒకే కొండ, రెండు పంచాంగాలు!

బలిచక్రవర్తి వచ్చినట్టు...

ఏప్రిల్ నెలాఖరు, మే. మన రైతుల లెక్కలో భరణి, కృత్తిక కార్తెలు. నైరుతికి ముందు పడే జల్లులకు కొండవాగుల ఒడ్డున మట్టి మెత్తబడుతుంది. అప్పుడు నేలలోంచి కప్ప అరుపు వినిపిస్తుంది. మగ కప్ప పైకి రాకుండానే, మట్టిలోంచే ఆడకప్పను పిలుస్తుంది. ఆడది మగదానికన్నా చాలా పెద్దది. దాని వీపు చివర మగది అతుక్కున్నట్టుగా పట్టుకుని కూర్చుంటుంది. రెండూ కలిసి వాగు దగ్గరికి చేరుకుని, రాతి సందుల్లో నిలిచిన నీళ్లలో గుడ్లు పెడతాయి. ఒక్కో తల్లి పెట్టే గుడ్లు వేలల్లో ఉంటాయి. పని అయిపోగానే ఎవరి మట్టిలోకి వారు. ఏడాదిలో ఈ సంబరం సాగేది కొద్ది రాత్రులే.

పాతాళం నుంచి ఏడాదికోసారి వచ్చి ప్రజలను చూసి వెళ్లే చక్రవర్తి ఎవరో మనకు తెలుసు. ఓణం పండగ ఆయన కోసమే. అందుకే ఈ కప్పకు ‘మావేలి కప్ప’ అని ముద్దుపేరు పడింది. మావేలి అంటే మలయాళంలో మహాబలి. ‘పాతాళ తవళ’ అని కూడా అంటారు. కేరళ రాష్ట్ర ఉభయచరంగా దీన్ని ప్రకటించాలని ప్రతిపాదన కూడా వచ్చింది.

తల్లిదండ్రులు వెళ్లిపోయాక అసలు కష్టం పిల్లలది. గుడ్లలోంచి వచ్చిన తోకకప్పలు వర్షాకాలపు ప్రవాహంలో కొట్టుకుపోకుండా రాళ్లను నోటితో పట్టుకుంటాయి. వాటి నోరు జలగ నోటిలా అంటుకుపోతుంది. రాతి మీది నాచును గీక్కుతింటూ మూడు నెలలకు పైగా అలాగే వేలాడతాయి. తోక ఊడి, కాళ్లొచ్చి, కప్పయ్యాక మట్టిలోకి దిగుతాయి. అంటే దాని జీవితంలో మనిషి కంటబడేది, చేతికి చిక్కేది ఆ చిన్నతనంలోనే.

అందరూ ఒకేసారి

బిజు చదువుకున్నది వృక్షశాస్త్రం. మొక్కల మీద డాక్టరేట్ చేసి, ఆ తర్వాత కప్పల వెంట పడ్డాడు. కొండల్లో మొక్కల్ని వెతుక్కునే మనిషికి కప్ప కనబడటం విడ్డూరమేమీ కాదు. ఎందుకంటే కురింజినీ ఈ కప్పనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే ఎత్తు వేస్తున్నాయి మరి.

కురింజి ఎక్కువగా 1,300 మీటర్లకు పైన, గాలి కోసే పచ్చిక కొండల మీద పెరుగుతుంది. మామూలుగా మోకాలెత్తు పొద. ఏటా కొంచెం కొంచెం పూయొచ్చుగా? పూయదు. ఓ కొండ మీది పొదలన్నీ ఒకే ఏడు పూసి, తేనెటీగలకు విందుచేసి, గింజలు రాల్చి చచ్చిపోతాయి. తల్లి ఒక్కటీ మిగలదు. అరటిచెట్టు గెల వేసి పడిపోయినట్టే... కాకపోతే అరటికి పక్కనే పిలక ఉంటుంది, కురింజికి గింజ తప్ప మరో దిక్కులేదు. ఏటా కాసిని గింజలు రాలిస్తే ఎలుకలూ పిట్టలూ పురుగులూ తినేసి కూర్చుంటాయి. పన్నెండేళ్లకోసారి కొండంతా గింజలు కుమ్మరిస్తే ఎన్ని తింటాయి? కడుపు నిండి కూడా మిగిలిపోతాయి. అన్నీ ఒకేసారి పూయడానికి శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఇదొకటి. వెదురు పూత మీదా ఇదే మాట అంటారు.

కప్పలదీ అదే లెక్క. కొద్ది రాత్రుల్లో అందరూ బయటికొచ్చి, అందరూ ఒకేసారి గుడ్లు పెడితే పాములూ చేపలూ ఎన్నింటిని తినగలవు? కొన్నయినా బతికి బట్టకడతాయి.

ఇది గొప్ప ఎత్తే. ఓడితే మాత్రం నష్టమూ అంతే పెద్దది. ఒకే రోజు పెట్టుకున్న ముహూర్తానికి వాన ముంచుకొస్తే పెళ్లి పందిరి ఏమవుతుంది? జల్లులు పడి, గుడ్లు పెట్టాక వాన మొహం చాటేస్తే రాతి గుంటల్లో నీళ్లు ఎండిపోతాయి. ఆ ఏడాది పిల్లలు పోయినట్టే. కప్పకు పోయేది ఒక ఏడాది. కురింజికి పోయేది పుష్కరం. పూసిన ఏడు కాయ ఎండి గింజ రాలేదాకా ఆ వాలు మీద నిప్పు పడకూడదు, పార పడకూడదు. ఫొటో కోసం కోసిన ప్రతి కొమ్మా ఆ గింజల లెక్కలోంచి తీసేసినదే.

కనబడితేనే కాపలా

పువ్వు కోసం మనుషులు చేసినవి తక్కువేమీ కాదు. మున్నార్ పక్కనే 97 చదరపు కిలోమీటర్ల ఇరవికుళం జాతీయ పార్కు ఉంది. దాని రాజమల వైపు పూత చూడ్డానికి జనం బారులు తీరతారు. 2006 పూత ఏడాదిలో తపాలా శాఖ కురింజి మీద స్టాంపు వేసింది. అదే ఏడాది కేరళ ప్రభుత్వం వట్టవడ, కొట్టకంబూరు గ్రామాల పరిధిలో 3,200 హెక్టార్లను కురింజిమల అభయారణ్యంగా ప్రకటించింది. ఒక పువ్వు పేరు మీద అభయారణ్యం! అక్కడ పట్టాలున్నాయన్న రైతులకూ ప్రభుత్వానికీ మధ్య హద్దుల తగువు ఏళ్లతరబడి సాగింది, అది వేరే కథ. 2023లో కేంద్రం దీన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం మూడో షెడ్యూలులో చేర్చింది. పీకినా, అమ్మినా శిక్ష తప్పదు.

ఇన్ని చేసినా 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అదే ఐయూసీఎన్, నీలకురింజిని రెడ్ లిస్టులో ‘ముప్పు పొంచి ఉన్నది’ (వల్నరబుల్)గా చేర్చింది. బ్రిటిషువాళ్ల కాలం నుంచీ తేయాకు, ఆ తర్వాత యూకలిప్టస్, వాటిల్ చెట్లు పచ్చిక కొండల్ని ఎంత మింగేశాయో ఇవాళ మున్నార్ వెళ్లినవాళ్లు కళ్లారా చూడొచ్చు. మనవాళ్లు ముచ్చటపడి ఫొటోలు దిగే ఆ పచ్చటి తేయాకు మెట్లు ఒకప్పుడు కురింజి వాలులూ, షోలా అడవులే.

జనం ప్రేమ కూడా ఒక్కోసారి బరువే. మున్నార్‌లో తప్ప ఇంకెక్కడా పూయదని కాదు, కొండకో లెక్క ఉంటుంది. 2022లో ఇడుక్కిలోనే శాంతన్‌పార దగ్గర కళ్లిప్పార కొండ పూసింది. జనం విరగబడ్డారు. వాళ్లు వెళ్లాక కొండ మీద మిగిలింది ప్లాస్టిక్ సీసాలు, కవర్లు. ఇక 2018లో మున్నార్ పూత కోసం పర్యాటక శాఖ, హోటళ్లవాళ్లు ఏడాది ముందు నుంచే ఏర్పాట్లు చేసుకున్నారు. తీరా ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తాయి. దారులు తెగిపోయి జనం రాలేదు. పువ్వులు మాత్రం వాన తెరిపిచ్చాక తమ మానాన తాము పూశాయి.

మరి కప్ప సంగతి?

కప్పకు టిక్కెట్టు లేదు, సీజను లేదు. ఐయూసీఎన్ 2004లోనే దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జీవిగా గుర్తించింది. అడవులు ఏలకులు, కాఫీ, అల్లం తోటలుగా మారడమే ప్రధాన కారణమని చెప్పింది. చిక్కల్లా ఎక్కడంటే, ఈ కప్ప అచ్చంగా కీకారణ్యంలోనే ఉండేది కాదు. రక్షిత ప్రాంతాల బయట, తోటల్లో, ఊళ్ల పక్క వాగుల్లో కూడా ఉంటుంది. అంటే దాని ఇల్లు ఎవరిదో ఒకరి పట్టా భూమి! పై అంతస్తు యజమానికి కింద అద్దె కట్టకుండా ఎవరున్నారో కూడా తెలియదు.

అక్కడికి వెళ్లి గేటు కట్టి ‘అభయారణ్యం’ అని బోర్డు పెట్టడం కుదరని పని. కప్పకు కావలసింది చాలా చిన్నది. ఒడ్డున నాలుగు బారల మట్టి తవ్వకుండా, సిమెంటు చేయకుండా వదిలెయ్యడం. వానాకాలం మూడు నాలుగు నెలలు వాగును వాగులా పారనివ్వడం. చెక్‌డ్యామ్ కడితే రైతుకు నీళ్లు నిలుస్తాయి, నిజమే. కానీ పారే నీటిలో రాయి పట్టుకు బతికే తోకకప్పకు నిలవనీరు పనికిరాదు. ఏలకుల తోటల్లో పురుగుమందు పిచికారీ ఎక్కువ, అది వాన నీళ్లతో చేరేది ఆ వాగులోకే. కొండ చుట్టూ రోడ్డు పడితే, వాగు కోసం బయల్దేరిన జంట టైర్ల కింద పడుతుంది. పొట్టి కాళ్లతో అది ఎంత జోరుగా దాటగలదు?

ఇంకో ముప్పు చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది. ఇడుక్కిలోని కొన్నిచోట్ల జనం ఈ తోకకప్పలను వానాకాలంలో పట్టి వండుకుతింటారని 2015లో ఆశిష్ థామస్, బిజు ఒక పరిశోధనా పత్రంలో రాశారు. నీళ్లలోంచి రాళ్లను తడిమి గుత్తులుగా ఏరుకుంటారు. వాళ్లను తప్పుపట్టడం తేలికే. మన చేలల్లో వరి కోతలప్పుడు పీతలు పట్టుకున్నట్టే అది కూడా. వాగు ఇచ్చిన కూర. అది ఏ కప్ప పిల్లో, ఆ కప్పకు సీషెల్స్‌లో చుట్టాలున్నారో లేదో వాళ్లకెవరు చెప్పారు? 1918 నుంచి 2003 దాకా శాస్త్రానికే తెలియలేదాయె. చిక్కేమిటంటే, పెద్ద కప్పను ఎవరూ పట్టలేరు కాబట్టి పిల్లల దశలోనే మొత్తం తరం మీద దెబ్బ పడుతుంది. వందల్లో ఏరేస్తే ఆ వాగులో ఆ ఏటి పూత రాలిపోయినట్టే.

పువ్వుకోసం పోరాడినవాళ్లకు చేతిలో ఒక ఫొటో ఉంది. నీలం కొండ బొమ్మ చూపించి ‘ఇది పోతే ఎలా?’ అంటే మంత్రుల దగ్గర్నుంచి బడిపిల్లల దాకా అర్థమవుతుంది. కప్పకోసం మాట్లాడేవాళ్ల చేతిలో ఉన్నది ఒక ఉబ్బిన ఒళ్లు, ఓ పందిముక్కు. అందుకే వాళ్లు మహాబలిని పిలుచుకొచ్చారు. తెలివైన పనే. మలయాళీ ఇంట్లో మావేలి పేరు చెబితే తలుపు తెరుచుకోకపోదు. పేరు మారినంత మాత్రాన పురుగుమందు ఆగదు కానీ, తోట యజమాని ఒకసారి వాగు వంక చూస్తాడు. ఇప్పటిదాకా ఆ చూపే లేదు కదా!

ప్రస్తుతం రాజమల వాలుల మీద 2018లో రాలిన గింజల నుంచి మొలిచిన పొదలు పెరుగుతున్నాయి. చూసేవాళ్లకు ఏదో పిచ్చిమొక్కల గుబురులా ఉంటుంది, దాన్ని తొక్కుకుంటూ వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. పూత 2030లో, జూలై నుంచి అక్టోబరు మధ్య. హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లాలనుకునేవాళ్లు వానలు కాస్త తగ్గే సెప్టెంబరును ఎంచుకుంటే మేలు. కప్పను చూడాలనుకునేవాళ్లకు అన్నాళ్లు ఆగే పనిలేదు. వచ్చే మే నెలలో, తొలి జల్లు పడిన రాత్రి, ఇడుక్కిలో ఏదో ఒక ఏలకుల తోట పక్క వాగు ఒడ్డున అది మట్టిలోంచి పిలుస్తుంది. టార్చిలైటు ఆర్పేసి, అడుగు జాగ్రత్తగా వేస్తే సరి.